స్కీయింగ్ ట్రిప్: రీల్స్ చూసి రిసార్ట్ బుక్ చేస్తున్నారా? ముందు ఆ ఊరు ఎంత ఎత్తులో ఉందో చూడండి!

సోషల్ మీడియాలో ఏ స్కీ రిసార్ట్ వీడియో చూసినా తెల్లటి మంచే. కానీ లక్షలు పోసి ఫ్యామిలీతో అక్కడిదాకా వెళ్లాక.. కొండ మీద మంచు బదులు పచ్చగడ్డి కనిపిస్తే? 2023 జనవరి మొదటి వారంలో యూరప్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో ఇదే జరిగింది. స్విట్జర్లాండ్‌లోని డెలెమాంట్‌లో న్యూ ఇయర్ రోజునే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటింది. తక్కువ ఎత్తులో ఉన్న చాలా రిసార్టుల్లో లిఫ్టులు ఆగిపోయాయి. అడెల్‌బోడెన్‌లో వరల్డ్ కప్ పోటీలను మెషీన్లతో తయారు చేసిన మంచు మీదే నడిపించారు. చుట్టూ గడ్డి.. మధ్యలో తెల్లటి చార!

అందుకే రిసార్ట్ పేరు కన్నా దాని ఎత్తు ముఖ్యం. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సగటున 6 డిగ్రీలకు పైగా చలి పెరుగుతుంది. కింద ఊళ్లో వాన కురుస్తున్నా పైన మంచు పడుతుందన్నమాట. ఆస్ట్రియాలోని కిట్జ్‌బూహెల్ పేరు ప్రపంచమంతా తెలుసు, కానీ ఆ ఊరు ఉన్నది దాదాపు 760 మీటర్ల ఎత్తులోనే. అదే ఫ్రాన్స్‌లోని వాల్ తోరాన్స్ 2,300 మీటర్ల ఎత్తులో ఉంది. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో లిఫ్టులు 3,800 మీటర్లు దాటి హిమానీనదం మీదికి తీసుకెళ్తాయి. అక్కడ ఎండాకాలంలోనూ స్కీయింగ్ చేస్తారు.

అయితే ఈ లెక్క అన్నిచోట్లా పనిచేయదు. జపాన్‌లోని నిసెకోనే చూడండి. అక్కడి అన్నుపురి శిఖరం 1,308 మీటర్లే.. అంటే మన ఊటీ కన్నా చాలా తక్కువ. అయినా మంచుకు కొదవ లేదు. సైబీరియా నుంచి వచ్చే చలిగాలులు జపాన్ సముద్రం మీదుగా తేమ పీల్చుకుని, హొక్కైడో కొండల మీద మెత్తటి మంచుగా కుమ్మరిస్తాయి.

స్కీయింగ్ చేయాలా.. మంచు చూస్తే చాలా?

ఇంట్లో కూర్చుని ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మన దగ్గర నుంచి వెళ్లేవాళ్లలో చాలామందికి కావాల్సింది మంచులో ఆడుకోవడం, ఫొటోలు, పిల్లలకు స్లెడ్జింగ్. దానికి స్విట్జర్లాండ్‌లోని టిట్లిస్ లాంటి చోట ఒక్క రోజు చాలు. కేబుల్ కార్ 3,000 మీటర్ల పైకి తీసుకెళ్తుంది కాబట్టి గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి ఎక్కడం మంచిది.

నిజంగా స్కీయింగ్ నేర్చుకోవాలంటే కథ వేరు. '600 కిలోమీటర్ల ట్రాకులు' అని బ్రోచర్‌లో రాస్తే మురిసిపోవద్దు. కొత్తవాళ్లు మొదటి మూడు రోజులు ఒకే చిన్న వాలు మీద పడుతూ లేస్తూ ఉంటారు. ఇంగ్లీష్ మాట్లాడే ఇన్‌స్ట్రక్టర్, పైకి తీసుకెళ్లే కదిలే బెల్ట్, బిగినర్లకు విడిగా చవక పాస్ ఉన్నాయా అన్నది అడగాలి. రంగుల విషయంలోనూ జాగ్రత్త. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల్లో నీలం ట్రాక్ అంటే సులువైనది. అమెరికాలో సులువైనది ఆకుపచ్చ, నీలం మధ్యస్థం. డల్లాస్‌లో ఉన్న బావ చెప్పాడని ఆల్ప్స్‌లో అదే లెక్క వేసుకుంటే తికమకే.

సంక్రాంతి సెలవులు కలిసొస్తాయి

క్రిస్మస్, న్యూ ఇయర్ వారాల్లో యూరప్ రిసార్టుల్లో రేట్లు చుక్కలు చూపిస్తాయి. ఫిబ్రవరిలో అక్కడి స్కూళ్లకు సెలవులు, మళ్లీ రద్దీ. ఈ రెంటి మధ్య జనవరి రెండు, మూడో వారాలు కాస్త ఖాళీ. మన పండగ సెలవులు సరిగ్గా అప్పుడే! బడ్జెట్ తక్కువైతే కజకిస్తాన్‌లోని షింబులక్ ఉంది. అల్మాటీ నగరానికి దాదాపు 25 కిలోమీటర్లే, బేస్ దాదాపు ఊటీ అంత ఎత్తులో ఉంటుంది. 2022 నుంచి భారతీయులకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. అయినా రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనే ముందు ఎంబసీ వెబ్‌సైట్ చూసుకోండి.

కాలు విరిగితే బిల్లు ఎవరు కడతారు?

చాలామంది పట్టించుకోనిది ఇదే. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ తప్పనిసరి కాబట్టి ఏదో ఒక చవక పాలసీ తీసేసుకుంటారు. కానీ మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్కీయింగ్ గాయాలు వర్తించవు. వింటర్ స్పోర్ట్స్ కవర్ విడిగా తీసుకోవాల్సి ఉంటుంది. కొండ మీద పడిపోతే హెలికాప్టర్ రావాల్సి రావచ్చు, దాని బిల్లు ట్రిప్ ఖర్చును మించిపోగలదు. కవర్ ఉన్నా, గుర్తులు పెట్టిన ట్రాక్ దాటి బయటికి వెళ్తే క్లెయిమ్ తిరస్కరించే పాలసీలే ఎక్కువ. పైగా హిమపాతాల ముప్పు ఎక్కువగా ఉండేదీ అక్కడే. ఏజెంట్ 'అన్నీ కవర్ అవుతాయి సార్' అంటే సరిపోదు.. పాలసీ కాగితంలో 'వింటర్ స్పోర్ట్స్' అన్న మాట, 'రెస్క్యూ' అన్న మాట రెండూ ఉన్నాయో లేదో డబ్బులు కట్టకముందే చూడండి.