అరతెరచిన వాకిలి

ఫోనులో ఒక లంకెను నొక్కినంతనే పుట తెరచుకొనును. నాలుగు పంక్తులైన చదువకమునుపే క్రిందినుండి ఒక తెర లేచి, "మా యాప్‌లో చదువుడు" అని అడ్డు నిలుచును. దానిని తొలగించు గుర్తు ఆవగింజంత. యాప్‌నకు దారిచూపు మీట మాత్రము తెర వెడల్పంత. సామాజిక మాధ్యమ సంస్థలు నేడు చదువరికి చేయుచున్న స్వాగతము ఇట్టిది.

బ్రౌజరు రాజమార్గము వంటిది. 1993 ఏప్రిల్ 30న జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధన సంస్థ, వెబ్ సాంకేతికమును ఎవ్వరైనను రుసుము చెల్లింపక వాడుకొనవచ్చునని ప్రకటించినది. ఆ మార్గమున నడచువానికి కొంత స్వాతంత్ర్యము కలదు. వాణిజ్య ప్రకటనలను అడ్డగింపవచ్చును. పది పుటలను తెరచి ఒకదానితో నొకటి పోల్చుకొనవచ్చును. యాప్ అట్లు గాదు, అది సంస్థవారి స్వగృహము. ఏ గది తలుపు తెరవవలెనో నిర్ణయించువారు వారే. చదువరి వెడలిపోయిన పిమ్మటను గంట మ్రోగించి మరల పిలువగలరు. అనుమతి దొరకినచో అతడున్న తావును, అతని పరిచితుల ఫోను సంఖ్యలను గూడ ఎరుగగలరు. ప్రకటనలపై బ్రతుకు సంస్థకు ఇంతకన్న కావలసినదేమి?

యాప్ వలన ప్రయోజనమే లేదనుట న్యాయము గాదు. ఇన్‌స్టాగ్రామ్ 2010లో యాప్‌గానే జన్మించినది. ఛాయాచిత్రము తీసి వెంటనే పంపుటకు అదే అనువు. చిక్కెల్లను ఉన్న దారిని మూయుటలోనే కలదు. ఫేస్‌బుక్ 2014లో సందేశములను ప్రధాన యాప్‌నుండి తొలగించి మెసెంజర్ అను మరియొక యాప్‌నకు తరలించినది. ఫోను బ్రౌజరులో సందేశములు చదువుకొనువారికి 2016లో ఆ వాకిలియు మూతపడసాగినది. ఇంటిల్లిపాదికిని ఒకే ఫోను, అందును చోటు చాలని ఫోను గల విద్యార్థికి గురువు పంపిన లంకె ఇట్టి వాకిటనే ఆగిపోవును.

రెడ్డిట్ కథ మరింత తీవ్రమైనది. 2005లో పుట్టిన ఆ చర్చావేదికను పలువురు బయటివారు నిర్మించిన యాప్‌ల ద్వారా చదువుచుండిరి. 2023లో సంస్థ ఆ యాప్‌లు చేయు ప్రతి వెయ్యి అభ్యర్థనలకు 24 సెంట్ల వెల కట్టినది. అపోలో అను యాప్‌ను నిర్మించిన క్రిస్టియన్ సెలిగ్ తనకు ఏటా 2 కోట్ల డాలర్ల వ్యయము కాగలదని లెక్కవేసెను. జూన్ 12న వేలాది చర్చామండలులు తలుపులు మూసికొని నిరసన తెలిపినవి. వెల తగ్గలేదు. జూన్ 30న అపోలో ఆగిపోయినది.

ఈ కలహమున ఎక్కువ కలతపడినవారు అంధ పాఠకులు. తెరమీది అక్షరములను చదివి వినిపించు సాధనమునకు సంస్థవారి యాప్ సరిగా లొంగదనియు, బయటివారి యాప్‌లే తమకు కన్నులనియు వారు మొరపెట్టిరి. ఆ మొర వినబడినది. లాభాపేక్ష లేక అట్టివారికై నడచు రెడ్‌రీడర్ వంటి కొన్ని యాప్‌లకు మాత్రము సంస్థ ఆ రుసుము నుండి మినహాయింపు నిచ్చినది.