చేతిసంచిలో సౌరవిద్యుత్తు

తుపాను తీరం దాటాక కూలిన విద్యుత్ స్తంభాలు మళ్లీ నిలబడేదాకా గడిచే రోజుల్లోనూ, కరెంటు తీగ చేరని కొండల్లో గుడారం వేసుకున్న రాత్రుల్లోనూ మనిషికి తప్పనిసరిగా కావలసిన విద్యుత్తు చాలా తక్కువ. ఒకటి రెండు ఫోన్లు, ఒక దీపం, వీలైతే ఒక చిన్న ఫ్యాను పనిచేస్తే ఆ గడ్డుకాలం గట్టెక్కుతుంది. ఈ కొద్దిపాటి అవసరాన్ని తీర్చగల పోర్టబుల్ సోలార్ చార్జర్లు బజారులో కొల్లలుగా దొరుకుతున్నప్పటికీ, పెట్టె మీది అంకెలను చదవడం తెలియకుండా కొన్న పరికరం సరిగ్గా ఆపద వేళకే అక్కరకు రాకుండా పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు నగరంలో విద్యుత్తుతో పాటు సెల్‌ఫోన్ సేవలూ స్తంభించిపోయాయి; 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వల్ల ఉద్దానం పల్లెలు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వల్ల విజయవాడ కాలనీలు అదే చీకటిని చూశాయి. అందువల్ల ఈ చార్జర్ల ఎంపిక విహారయాత్రికులకే కాక, కోస్తాలోని ప్రతి కుటుంబానికీ సంబంధించిన విషయం.

ఎంపికకు ముందు రెండు కొలతలు స్పష్టంగా తెలియాలి. ఏ క్షణానికా క్షణం విద్యుత్తు ఎంత జోరుగా అందుతోందో వాట్ చెబుతుంది. ఆ జోరు గంటసేపు సాగితే పోగయ్యే మొత్తాన్ని వాట్‌అవర్ అంటారు. నేటి స్మార్ట్‌ఫోన్లలో సాధారణంగా ఉండే 5,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో సుమారు 19 వాట్‌అవర్లు పడతాయి కానీ, చార్జింగ్‌లో కొంత వేడిగా వృథా అవుతుంది కాబట్టి దాన్ని నింపడానికి 25 దాకా ఖర్చవుతాయని లెక్కించుకోవడం మేలు. 3 వాట్ల ఎల్‌ఈడీ దీపం ఐదు గంటలు వెలిగితే 15 అవుతాయి. రెండు ఫోన్లు, ఒక దీపం గల ఇంటి అవసరం ఈ లెక్కన రోజుకు 65 వాట్‌అవర్లు. బటన్ల ఫోనులోని 1,000 ఎంఏహెచ్ బ్యాటరీకి 4 వాట్‌అవర్లు కూడా పట్టవు కాబట్టి, మూలన పడేసిన అలాంటి ఫోను ఇంట్లో ఉంటే దాన్ని బాగుచేసి సిమ్ వేసి ఉంచుకోవడం ఏ చార్జర్ కొనడం కన్నా ముందు చేయవలసిన పని.

పవర్ బ్యాంకు మీద పెద్ద అక్షరాలతో కనిపించే 10,000 ఎంఏహెచ్ అనే అంకె లోపలి సెల్‌కు 3.7 వోల్టుల వద్ద వర్తించేది. రెంటినీ హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే 37 వాట్‌అవర్లు వస్తాయి. ఆ విద్యుత్తు 5 వోల్టులకు పెరిగి బయటికి వచ్చేటప్పుడు ఎంఏహెచ్ అంకె తగ్గుతుంది, కొంత నష్టమూ తప్పదు. అందుకే అదే పెట్టె మీద సన్నటి అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ పేరుతో దాదాపు 5,500 నుంచి 6,500 దాకా మరో అంకె కనిపిస్తుంది, కొనేవారు నమ్మవలసింది దాన్నే.

వెనుక భాగాన చిన్న సోలార్ ప్యానెల్ అతికించి ‘సోలార్ పవర్ బ్యాంకు’ పేరుతో అమ్మే వస్తువు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆ ప్యానెల్ 14 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే దాని వైశాల్యం వంద చదరపు సెంటీమీటర్లకు మించదు. నిండు మధ్యాహ్నం చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండ పడినా ఈ చిన్న పలక మీద పడేది 10 వాట్లే. మంచి సిలికాన్ సెల్ అందులో ఐదో వంతును విద్యుత్తుగా మార్చగలదు కాబట్టి 2 వాట్లు, ఆచరణలో అంతకన్నా తక్కువే దక్కుతుంది. 74 వాట్‌అవర్లు పట్టే 20,000 ఎంఏహెచ్ బ్యాంకును ఆ ధారతో నింపాలంటే రెండు వారాల మంచి ఎండ కావాలి. పైగా ప్యానెల్‌కు ఎండ తగలాలంటే దానికి అంటుకుని ఉన్న లిథియం బ్యాటరీని కూడా ఎండలో పెట్టక తప్పదు; 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో సాధారణ లిథియం అయాన్ సెల్‌ను చార్జ్ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది, ఉబ్బి నిప్పంటుకునే ముప్పూ ఉంటుంది. ఎండ కాచే ప్యానెల్, నీడన ఉండే బ్యాటరీ విడివిడిగా ఉన్న ఏర్పాటే సరైనది.

విడిగా దొరికే మడత ప్యానెళ్లు 20 నుంచి 30 వాట్ల సామర్థ్యంతో, విప్పితే మూడు నాలుగు పలకలుగా పరుచుకుని, మడిస్తే పుస్తకంలా చేతిసంచిలో ఇమిడిపోతాయి. వాటి మీది వాట్ల అంకె ప్రయోగశాలలో 1,000 వాట్ల కాంతి కింద, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పుడు కొలిచినది. వేసవి ఎండలో ప్యానెల్ 60 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది, ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది. 28 వాట్ల ప్యానెల్ నుంచి బాగా కాసిన ఎండలో 18 వాట్లు వస్తే అది మంచి సరుకే. అయితే ఒక్కో యూఎస్‌బీ పోర్టు 5 వోల్టుల వద్ద 2.4 ఆంపియర్లకే పరిమితమైతే, ప్యానెల్ ఎంత పెద్దదైనా ఒక తీగ ద్వారా 12 వాట్లకు మించి రావు; రెండు పోర్టులనూ వాడుకోవాలి, లేదా ఎక్కువ వోల్టేజీ ఇవ్వగల టైప్-సి పోర్టు ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

ప్యానెల్‌ను ఎలా పెట్టారన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. విశాఖ అక్షాంశంలో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి దాదాపు 41 డిగ్రీలు దక్షిణానికి వాలి ఉంటాడు. ప్యానెల్‌ను నేల మీద చాపలా పరిచేస్తే నేరుగా వచ్చే కాంతిలో పావువంతు చేజారుతుంది, ఉత్తరపు అంచు కింద రాయో సంచో పెట్టి దక్షిణానికి వాల్చితే తిరిగి దక్కుతుంది. నీడ చేసే నష్టం ఇంతకన్నా ఎక్కువ. సెల్స్ ఒకదాని వెనుక ఒకటిగా వరుసలో కలిపి ఉంటాయి కాబట్టి, తోటకు నీరు పట్టే గొట్టాన్ని ఒకచోట కాలితో తొక్కితే ధార అంతా సన్నబడినట్లు, ఒక సెల్ మీద అరచేయంత నీడ పడినా ఆ వరుస ఉత్పత్తి అంతా కుంగిపోతుంది. మారేడుమిల్లి అడవిలో చెట్ల కింద గుడారం వేసుకున్నవారికి, పొద్దెక్కేదాకా మంచు విడని లంబసింగి చలికాలంలో విడిది చేసేవారికి ప్యానెల్ కన్నా, ముందే నింపి తెచ్చుకున్న పవర్ బ్యాంకే నమ్మకమైన తోడు. మబ్బు కమ్మి తొలగినప్పుడల్లా చార్జింగ్ ఆగి మొదలవుతుంటుంది, కొన్ని ఫోన్లు ఆ తర్వాత మళ్లీ వేగం అందుకోవు. అందుకని పగలు ప్యానెల్‌తో బ్యాంకును, రాత్రి బ్యాంకుతో ఫోనును నింపుకోవడం మంచిది.

ఇంతకన్నా పెద్ద అవసరాలకు పవర్ స్టేషన్లు, అంటే ఇన్వర్టర్ కూడా లోపలే అమర్చిన పెద్ద బ్యాటరీ పెట్టెలు వచ్చాయి. 300 వాట్‌అవర్ల పెట్టె 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యానును రాత్రంతా, అంటే ఎనిమిది గంటలకు పైగా తిప్పగలదు. ఫ్రిజ్‌ను రోజంతా నడపగలదని మాత్రం ఆశించకూడదు. వీటిలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నవి బరువైనా, వేడిని బాగా తట్టుకుని వేల చార్జింగ్ ఆవృత్తాల వరకు మన్నుతాయి కాబట్టి మన వాతావరణానికి అవే తగినవి.

పవర్ బ్యాంకులకు మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి; ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఆ సంఖ్య లేని సరుకును ధర ఎంత తక్కువైనా వదిలేయాలి. విమానంలో 100 వాట్‌అవర్ల లోపు బ్యాంకును చేతిసామానులోనే తీసుకెళ్లాలి.

కోస్తాలోని మధ్యతరగతి ఇంటికి బీఐఎస్ సంఖ్య ఉన్న 20,000 ఎంఏహెచ్ బ్యాంకు, 28 వాట్ల మడత ప్యానెల్ చాలు. కొన్న వారంలోనే రెండింటినీ కలిపి ఒక పూట ఎండలో పరీక్షించి, లోపముంటే గడువులోగా తిరిగి ఇచ్చేయాలి. తుపాను మేఘాల కింద ఏ ప్యానెల్ అయినా నామమాత్రంగానే పనిచేస్తుంది కాబట్టి, హెచ్చరిక వెలువడిన రోజే, ఇంకా కరెంటు ఉండగానే, బ్యాంకునూ ఫోన్లనూ గోడ ప్లగ్గు నుంచి నిండుగా నింపి పెట్టుకోవాలి.