కాంతి కత్తెర: ఇంటి పనిగదిలో లేసర్ యంత్రము

చిన్ననాట భూతద్దమును ఎండలో పట్టి, దాని క్రింద ఎండుటాకును కాల్చి చూడనివారు మనలో బహుశః ఎవరును ఉండరు. ముందుగా తెల్లని చుక్క కనబడును. పిమ్మట సన్నని పొగ లేచును. ఆ వెనుక ఆకునకు చిల్లి పడును. ఎఱిగియో, ఎఱుగకయో ఒక గొప్ప సూత్రమును ఆనాడు మన చేతులతోనే పరీక్షించి చూచితిమి. వెలుగునందు శక్తి కలదు. చెదరియున్న వెలుగును ఒక్కచోటికి చేర్చినచో అది పనిముట్టు అగును. లేసర్ కత్తిరింపు యంత్రము ఆ భూతద్దమునకు దూరపు చుట్టమే. ఒకప్పుడు కర్మాగారములకును, పరిశోధనాలయములకును పరిమితమై యుండిన ఈ యంత్రమును నేడు కొందరు ఔత్సాహికులు తమ ఇంటి పనిగదిలోనే కూర్చుకొనుచున్నారు. అది ఎట్లు పనిచేయును, దానిని ఏ వరుసలో కట్టవలెను, ఆ వరుస తప్పినచో కలుగు కీడు ఏమి అను విషయములను ఈ ప్రసంగమున మనవి చేసెదను.

దీపపు వెలుగునకును లేసర్ వెలుగునకును భేదమేమి? సంతలో వేయిమంది ఒక్కసారి మాటలాడుచున్నప్పుడు మనకు వినబడునది కలకలము మాత్రమే. ఆ వేయిమందియు ఒకే శ్రుతిలో, ఒకే తాళమునకు ఒకే స్వరమును పలికినచో అది బృందగానము. దీపము సంతవంటిది, దానినుండి వెలువడు కాంతి తరంగములు వేర్వేరు పొడవులతో, వేర్వేరు దిక్కులకు పోవును. లేసర్ బృందగానమువంటిది; అందలి తరంగములన్నియు ఒకే పొడవుగలవై, ఒకదానితో నొకటి అడుగు కలిపి, ఒకే దిక్కునకు నడచును. ఇట్టి కాంతికి ఆధారమైన సిద్ధాంతమును ఐన్‌స్టైన్ 1917లో ప్రకటించెను. 1960 మే 16వ తేదీన అమెరికాలోని మాలిబూ నగరమున థియొడోర్ మైమన్ కెంపు కడ్డీతో తొలి లేసర్‌ను వెలిగించెను. నేడు ఇంటి పనిగదులలో తఱచు కనబడు రకమునకు మూలపురుషుడు మన దేశమున పుట్టినవాడే. మహారాష్ట్రలోని బారామతిలో 1938లో జన్మించిన కుమార్ పటేల్, అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున పనిచేయుచు, 1964లో బొగ్గుపులుసు వాయువుతో, అనగా కార్బన్ డై ఆక్సైడ్‌తో, పనిచేయు లేసర్‌ను రూపొందించెను.

ఈ లేసర్‌కు గుండెకాయ ఒక గాజు గొట్టము. నలువది వాట్ల గొట్టము సుమారు 70 సెంటీమీటర్ల పొడవుండును. అందు బొగ్గుపులుసు వాయువు, నత్రజని, హీలియము తక్కువ పీడనమున నింపబడి యుండును. గొట్టపు కొనల మధ్య హెచ్చు వోల్టేజిని ప్రయోగించినప్పుడు నత్రజని అణువులు శక్తిని గ్రహించి, తమను తాకిన బొగ్గుపులుసు వాయువు అణువులకు దానిని అప్పగించును. ఆ అణువులు వెలుగును విడిచిన పిదప వానిని మరల తొలి స్థితికి దింపుటకు హీలియము తోడ్పడును. రెండు కొనలయందును ఉన్న అద్దముల నడుమ ఆ వెలుగు ముందు వెనుకలకు పరుగిడుచు బలపడి, కొంత పారదర్శకమైన ఒక అద్దము గుండ వెలుపలికి వచ్చును. దాని తరంగ దైర్ఘ్యము 10.6 మైక్రానులు. మన కంటికి కనబడు ఎఱుపు కాంతికంటె ఇది సుమారు పదునైదు రెట్లు పొడవైనది. కావున ఈ కిరణము మనకు బొత్తిగా కనబడదు. ఈ ఒక్క మాటను శ్రోతలు గట్టిగా గుర్తుంచుకొనవలెను.

నలువది వాట్లనగా ఇంటిలో వెలిగించు చిన్న బల్బు మాత్రమే కదా యని తోచవచ్చును. ఇక్కడ కొంచెము లెక్క అవసరము. నడిమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరునకు సుమారు 1,000 వాట్లు. లేసర్ కిరణమును కటకముతో కూడగట్టి 0.2 మిల్లీమీటరు వ్యాసముగల చుక్కగా చేసినచో, ఆ చుక్కపై పడు శక్తి సాంద్రత ఎండకు పండ్రెండు లక్షల రెట్లకు మించును. అందుచేతనే మూడు మిల్లీమీటర్ల ఆక్రిలిక్ రేకును గాని, పలుచని ప్లైవుడ్డును గాని ఇది తెగకోయగలదు. ఇనుపరేకును కోయుట మాత్రము దీని తరము కాదు. కటకమును చేరకముందు సైతము, ఆరు మిల్లీమీటర్ల లావున ఉన్న ఆ కిరణము ఎండకు వేయి రెట్లకు పైగా తీవ్రమైనది. అనగా యంత్రములో కిరణము పోవు దారి అంతయు అపాయకరమే.

ఇక నిర్మాణ క్రమము. సాధారణముగా ఔత్సాహికుడు ముందు గొట్టమును కొనును. దానిని బల్లపై ఉంచి వెలిగించి చూడవలెనని ఉబలాటపడును. పెట్టెను, మూతను తరువాత చూచుకొందమనుకొనును. ఇది తలక్రిందులైన వరుస. కిరణమును ఆపు వస్తువులను ముందుగా కట్టవలెను. కిరణమును పుట్టించు వస్తువును చివరకు బిగించవలెను. కావున మొదటిది లోహపు పెట్టె. దానికొక మూత, ఆ మూత లేచిన తక్షణమే గొట్టమునకు విద్యుత్తు నిలిచిపోవునట్లు రెండు స్విచ్చులు. ఒకటి చెడిపోయినను రెండవది పనిచేయును. మూతకు ఆక్రిలిక్ కిటికీ నమర్చవచ్చును. అది మన చూపునకు అడ్డుపడదు గాని 10.6 మైక్రానుల కాంతిని లోలోపలనే పీల్చివేయును. చెదరిన కిరణమునకు అది చాలును. సూటిగా వచ్చి నిలిచిన కిరణమునకు మాత్రము చాలదు.

రెండవది చలన భాగము. పెట్టెలో రెండు పట్టాలపై ఒక అడ్డుకడ్డీ ముందు వెనుకలకు కదలును. ఆ కడ్డీపై కటకమును మోయు తల కుడి ఎడమలకు కదలును. ఈ రెండు కదలికలు కలిసినచో రేకుపై ఏ చోటికైనను చేరవచ్చును. కదల్చునవి స్టెప్పరు మోటార్లు. వీని చక్రము ఒక చుట్టునకు 200 అడుగులు వేయును. నడుపు సర్క్యూటు ఒక్కొక్క అడుగును మరల పదునారుగా విభజించును. రెండు మిల్లీమీటర్లకు ఒక పన్నుగల బెల్టును ఇరువది పండ్ల చక్రముపై నడిపినచో, చుట్టునకు 40 మిల్లీమీటర్లు జరుగును. లెక్క వేసి చూడుడు: మిల్లీమీటరునకు 80 అడుగులు వచ్చును. చిత్రమును ఈ అడుగుల భాషలోనికి మార్చి మోటార్లకు ఆజ్ఞలిచ్చుటకు అరచేతిలో ఇముడు చిన్న కంప్యూటరు పలక చాలును. నార్వే దేశమున 2009లో ఆరంభమైన జి.ఆర్.బి.ఎల్. అను ప్రోగ్రాము ఈ పనికి ఉచితముగా లభించుచున్నది.

మూడవది అద్దముల కూర్పు. గొట్టమునుండి వచ్చిన కిరణము స్థిరమైన మొదటి అద్దముపై పడి, అడ్డుకడ్డీ కొననున్న రెండవ అద్దమునకు పోయి, అచటినుండి తలపైనున్న మూడవ అద్దమును చేరి, క్రిందికి తిరిగి కటకము గుండ రేకుపై పడును. కటకము జింకు సెలినైడు అను పసుపుపచ్చని పదార్థముతో చేయబడినది. అది పగిలినచో ముక్కలను వట్టి చేతులతో తాకరాదు. అద్దములను సరిచూచుటకు, అద్దము ముందు కాగితపు టేపును అంటించి, తక్కువ శక్తితో రెప్పపాటు కాలము కిరణమును విడువవలెను. తల దగ్గరనున్నప్పుడును, దూరముననున్నప్పుడును కాలిన మచ్చ ఒకే చోట పడవలెను. ఈ పనికి ఓర్పు మిక్కిలి కావలెను. ఆ సమయమున తగిన కళ్లద్దములు ధరించవలెను. గదిలో మరియొకరు ఉండరాదు.

నాలుగవది నీరును విద్యుత్తును. గొట్టమునకు ఇచ్చిన విద్యుత్తులో పదవ వంతు మాత్రమే ఇంచుమించు కాంతియగును, మిగిలినది వేడి. ఆ వేడిని నీరు మోసికొని పోవలెను. నీటి వేడిమి 15 నుండి 25 డిగ్రీల మధ్య ఉండుట మంచిది. మన కోస్తా జిల్లాల వేసవిలో బకెట్టులోని నీరే ముప్పది డిగ్రీలు దాటును. కొందరు మంచు కట్టిన సీసాలను బకెట్టులో వేయుదురు. కాని గాలిలో తేమ హెచ్చుగా ఉన్నచోట నీటిని మితిమీరి చల్లార్చినచో గొట్టముపై చెమ్మ పట్టును. ఆ గొట్టమునకు చేరు విద్యుత్తు 15 వేల నుండి 20 వేల వోల్టులు. చెమ్మయు, అంతటి వోల్టేజియు ఒకచోట చేరుట ఎంత అపాయమో వేరుగా చెప్పనక్కరలేదు. నీటి ప్రవాహము ఆగినచో యంత్రము దానంతట అదియే ఆగునట్లు ఒక స్విచ్చి ఉండవలెను. పెట్టెకు సరియైన ఎర్తింగు లేనిదే తీగను తగిలింపరాదు.

అయిదవది పొగ. కాంతి కత్తెరకు రంపపు పొట్టు ఉండదు. తెగిన పదార్థము పొగయై పోవును. ప్లైవుడ్డులోని జిగురు, ఆక్రిలిక్ ఆవిరి ఊపిరికి హానికరములు. ఎగ్జాస్టు ఫ్యానుతో ఆ పొగను వెలుపలికి, పొరుగువారి కిటికీకి దూరముగా పంపవలెను. పి.వి.సి. రేకును ఎట్టి పరిస్థితిలోను కోయరాదు. దానినుండి వెలువడు హైడ్రోజన్ క్లోరైడు వాయువు తేమతో కూడి హైడ్రోక్లోరిక్ ఆమ్లమై, మనిషి ఊపిరితిత్తులను, యంత్రపు లోహమును కూడ తినివేయును. చిన్న పంపుతో కోతపై గాలి ఊదుచున్నచో మంట రేగుట తగ్గును. అయినను యంత్రము నడచుచుండగా దానిని విడిచి, ప్రక్క గదికైనను పోరాదు. నిప్పునార్పు సాధనము చేతికందునంత దూరముననే ఉండవలెను.

ఈ నడుమ నీలికాంతినిచ్చు చిన్న డయోడు లేసర్లను సులభముగా చట్రమునకు బిగించి వాడువారు పెరిగినారు. వానికి నీరును, హెచ్చు వోల్టేజియు అక్కరలేదు. కాని కంటికి అవి మరింత కీడు చేయును. బొగ్గుపులుసు వాయువు లేసర్ కంటి పైపొరను కాల్చును. నీలికాంతి ఆ పొరను దాటి లోనికి పోగా, మన కంటి కటకమే దానిని నేత్రాంతర పటలముపై కూడగట్టును. అచట కాలినది మరల చిగురించదు. నిగనిగలాడు రేకునుండి ఎగిరివచ్చిన వెలుగైనను చాలును. రెప్ప వాల్చునంతలో కీడు జరిగిపోవును. తెల్లని ఆక్రిలిక్ కిటికీ నీలికాంతిని ఆపదు. ఏ తరంగ దైర్ఘ్యమునకు ఆ కళ్లద్దములనే వాడవలెను.

గోదావరి తీరపు పట్టణమున నాకొక మిత్రుడు కలడు. వృత్తిచే ఉపాధ్యాయుడు; ప్రవృత్తిచే పనిముట్ల ప్రేమికుడు. ఆయన ఇట్టి యంత్రమును ఎనిమిది నెలలలో కట్టెను. నేను చూడబోయిన సాయంకాలము, అద్దములను సరిచేయుటకు మూతను మాటిమాటికి ఎత్తవలసి వచ్చుచున్నదని, మూత స్విచ్చిని ఒక తీగముక్కతో కలిపివేసియుండెను. ఆనాటికి అట్టి స్విచ్చి ఒక్కటియే ఆ పెట్టెకు ఉండెను. యంత్రము నడచుచుండగా పదేండ్ల కుమార్తె పరుగున వచ్చి, “నాన్నగారూ, లోపల ఏం కనబడుతోంది?” అని మూతను ఎత్తబోయెను. ఆయన చేయి ముందుగా మెయిన్ స్విచ్చిని చేరెను. ఏమియు జరుగలేదు. కాని ఆ రాత్రి ఆయన భోజనము సరిగా చేయలేదు. మరునాడు ఆ తీగముక్కను పెరికివేసి, ప్రక్కనే రెండవ స్విచ్చిని బిగించెను. పెరికిన తీగను నేటికిని ఆయన మేకునకు వ్రేలాడదీసి ఉంచినాడు.

అటు పిమ్మట ఆ యంత్రముపై తొలుత కోసిన వస్తువు ఆ బాలిక అడిగిన చెక్క పెట్టెయే. కోతలో 0.2 మిల్లీమీటరు చెక్క పొగయై పోవునని ఎఱిగి, పండ్లను ఆ మేరకు లావుగా గీసినందున, మేకుగాని జిగురుగాని లేకయే పలకలు ఒకదానిలో నొకటి బిగిసినవి. కర్మాగారమున ఇట్టి యంత్రమునకు కాపలాగా నియమములును, తనిఖీదారులును ఉందురు. ఇంటిలో ఆ పనులన్నియు కట్టినవానివే. కనబడని కిరణమును ఇంటికి తెచ్చువాడు, కనబడు మూతను ముందుగా కట్టవలెను.