గది ఒకటే, ధరలు అనేకం

వేలంపాట అనగానే మన ఊళ్లలో అందరికీ తెలిసిన దృశ్యం ఒకటున్నది. చెరువు చేపలకో, సంత వసూళ్లకో, దేవాలయ భూముల కౌలుకో పాట మొదలవుతుంది. ఒకరిని మించి ఒకరు పాడతారు. మూడోసారి అన్న తరువాత హెచ్చుపాటదారుకు సొత్తు ఖాయమవుతుంది. 1994లో 450 రూపాయలు పలికిన బాలాపూర్ వినాయకుని లడ్డూ లక్షల రూపాయలకు చేరడం ఈ పద్ధతి మహిమే. పాట పెరగడమే కాని తరగడం ఎరుగని ఈ సంప్రదాయాన్ని అమెరికాలో ఒక సంస్థ 1998లో తలకిందులు చేసింది. కొనేవాడే ముందుగా తన ధర చెబుతాడు, అమ్మేవాడు ఆ ధరకు ఇస్తాడో ఇవ్వడో తేల్చుకుంటాడు. వారాంతపు విహారానికి చవకగా హోటల్ గది కోరుకునే కుటుంబాలకు ఇది వరంలా కనిపించింది.

పాతికేళ్లు గడిచాయి. ఆ వేలం దాదాపు కనుమరుగైంది. కాని అది నేర్పిన పాఠం మాత్రం మిగిలింది. ఒకే గదిని ఒకే రాత్రికి పదిమందికి పది ధరలకు చూపవచ్చునన్నదే ఆ పాఠం. నేడు అరకు నుంచి గోవా వరకు, ఊటీ నుంచి సిమ్లా వరకు గది ధరను నిర్ణయించేది ఎవరు, రాయితీ భారం మోసేది ఎవరు అన్న ప్రశ్నలకు మూలం అక్కడున్నది.

తెల్లవారితే విలువ లేని సరుకు

హోటల్ గది కూరగాయల కంటే త్వరగా చెడిపోయే సరుకు. ఈ రోజు అమ్ముడుపోని వంకాయలను రేపు సగం ధరకైనా అమ్మవచ్చు. శనివారం రాత్రి ఖాళీగా మిగిలిన గదిని ఆదివారం ఉదయం ఎవరికీ అమ్మలేరు. మరోవైపు భవనం అద్దె, బ్యాంకు వాయిదా, సిబ్బంది జీతాలు గది నిండినా నిండకపోయినా తప్పవు. అతిథి వస్తే అదనంగా అయ్యే ఖర్చు దుప్పట్లు ఉతకడం, కరెంటు, నీరు, సబ్బు వంటి వాటికి పరిమితం. కాబట్టి ఆ కొద్ది ఖర్చుకు మించి ఎంత వచ్చినా యజమానికి లాభమే.

అయితే ఇక్కడ ఒక చిక్కున్నది. ఖాళీ గదులను సగం ధరకు ఇస్తున్నామని బయట బోర్డు పెడితే, పూర్తి ధర చెల్లించడానికి సిద్ధంగా ఉన్నవారు కూడా ఆ సగం ధరే అడుగుతారు. పరువూ పోతుంది, ఆదాయమూ పోతుంది. పేరు బయటపడకుండా తక్కువ ధరకు అమ్ముకునే మార్గం కావాలి. జే వాకర్ స్థాపించిన ప్రైస్‌లైన్ చూపించిన మార్గం ఇదే.

కళ్లకు గంతలు కట్టుకుని బేరం

ప్రైస్‌లైన్ మొదట 1998 ఏప్రిల్‌లో విమాన టికెట్లతో ఈ వ్యాపారం ప్రారంభించి, అదే ఏడాది హోటల్ గదులకూ విస్తరించింది. ప్రయాణికుడు ఊరు, ఆ ఊళ్లో ప్రాంతం, హోటల్ స్థాయి, తేదీలు ఎంచుకుని తాను చెల్లించగల ధర చెబుతాడు. హోటల్ పేరు మాత్రం ముందుగా తెలియదు. క్రెడిట్ కార్డు నంబరు ముందే ఇవ్వాలి. ఏదైనా హోటల్ ఒప్పుకుంటే సొమ్ము వెంటనే జమ అవుతుంది. ఆ తరువాతే హోటల్ పేరు బయటపడుతుంది. ప్రయాణం రద్దయినా సొమ్ము వాపసు రాదు.

ఇది సూటిగా కనిపించినా ఇందులో ఎత్తుకు పైఎత్తులు ఉన్నాయి. ఒకసారి తిరస్కరణకు గురైతే అదే కోరికతో వెంటనే ధర పెంచి మళ్లీ అడగడానికి వీలులేదు. ప్రాంతమో, హోటల్ స్థాయో, తేదీయో మార్చాలి. కొద్దికొద్దిగా పెంచుతూ యజమాని ఒప్పుకునే కనీస ధరను కనిపెట్టకుండా వేసిన కట్టు ఇది. వినియోగదారులు దీనికీ విరుగుడు కనిపెట్టారు. నాలుగు నక్షత్రాల హోటల్ ఒక్కటీ లేని ప్రాంతాన్ని తమ జాబితాకు చేర్చేవారు. కోరిక మారినట్లే లెక్క, కాని అక్కడ గది తగిలే ప్రమాదం లేదు. ఆ సాకుతో ధర కొంచెం పెంచి మళ్లీ పాడేవారు. ఏ ప్రాంతంలో ఎంతకు దొరికిందో ఒకరికొకరు చెప్పుకునేవారు. యజమానుల రహస్యం ఆ విధంగా కొంతవరకు బట్టబయలైంది.

గెలిచినవారికీ పూర్తి తృప్తి లేదు. అడిగిన ధర వెంటనే ఖాయమైతే ఇంకా తక్కువకే వచ్చేదేమోనన్న బెంగ. ఖాయం కాకపోతే వారాంతం దగ్గరపడుతున్నదన్న ఆందోళన. 1999 మార్చిలో 16 డాలర్లకు జారీ అయిన ఈ సంస్థ వాటా తొలి రోజునే 69 డాలర్ల వద్ద ముగిసింది. కిరాణా సరుకులకు, పెట్రోలుకు ఇదే పద్ధతిని వర్తింపజేయబోయిన అనుబంధ ప్రయోగం మాత్రం 2000లోనే మూతపడింది. పాలకూ పెట్రోలుకూ రోజూ బేరమాడే ఓపిక గృహస్థులకు లేదని తేలింది.

వేలం నుంచి దళారీ వ్యాపారానికి

ఆ సంస్థను నిలబెట్టింది చివరకు వేలం కాదు. 2005లో అది నెదర్లాండ్స్‌కు చెందిన బుకింగ్స్ అనే సంస్థను కొన్నది. అక్కడి పద్ధతి సాదాసీదా. ధర హోటలే నిర్ణయిస్తుంది, పేరు బహిరంగంగా ఉంటుంది, గది అమ్ముడైతే కమీషన్ చెల్లిస్తుంది. ఈ దళారీ వ్యాపారం ఎంతగా పెరిగిందంటే 2018లో మాతృసంస్థ తన పేరునే బుకింగ్ హోల్డింగ్స్‌గా మార్చుకున్నది. విమాన టికెట్లకు వేలాన్ని 2016లోనే నిలిపివేసింది. పేరు దాచి, ధర మాత్రం ముందే చెప్పి అమ్మే పద్ధతి వేలం స్థానాన్ని ఆక్రమించింది.

మన దేశంలో వేలం పద్ధతి వేళ్లూనుకోలేదు. 2000లో ఏర్పడిన మేక్‌మైట్రిప్ వంటి సంస్థలు విమాన టికెట్లతో మొదలుపెట్టి హోటళ్లవైపు మళ్లాయి. 2013లో ఓయో రంగప్రవేశం చేసి చిన్న హోటళ్లకు తన బోర్డు తగిలించింది. 2017లో మేక్‌మైట్రిప్, గోఐబిబో ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఇక్కడి వినియోగదారుకు ఆకర్షణ వేలం కాదు, కొట్టివేసిన పెద్ద అంకె పక్కన మెరిసే చిన్న అంకె.

రాయితీ ఎవరి జేబులోనుంచి?

ఒక చిన్న లెక్క వేసుకుందాం. పుణ్యక్షేత్రంలో ఇరవై గదుల లాడ్జి ఉన్నదనుకుందాం. గది ధర 3,000 రూపాయలు. ముప్పై శాతం రాయితీతో 2,100కు చూపారు. అందులో ఇరవై శాతం కమీషన్ అంటే 420 రూపాయలు. యజమాని చేతికి వచ్చేది 1,680. సీజన్ కాని మంగళవారం ఇది లాభమే, ఎందుకంటే గది ఖాళీగా ఉండేది. కాని ఎలాగూ నిండే శనివారం నాడు కూడా ఇదే ధరకు ఇవ్వవలసి వస్తే అది నష్టం. రాయితీని కొంతకాలం దళారీ సంస్థ తన పెట్టుబడిదారుల సొమ్ముతో భరించవచ్చు. వినియోగదారుకు అలవాటు అయిన తరువాత ఆ భారం హోటల్ మీదికి మళ్లుతుంది.

అలాగైతే యజమాని తన కౌంటర్ వద్దకు వచ్చినవారికి నేరుగా తక్కువకు ఇచ్చి కమీషన్ మిగుల్చుకోవచ్చు కదా అన్న సందేహం రావడం సహజం. దానికి అడ్డుగా నిలిచినవే ధరల సమానత్వ షరతులు. దళారీ వద్ద చూపిన ధర కంటే తక్కువకు మరెక్కడా, కొన్ని ఒప్పందాల ప్రకారం సొంత వెబ్‌సైట్‌లో సైతం, అమ్మరాదన్నది వాటి సారాంశం. సొంత సరుకును సొంత దుకాణంలో తక్కువకు అమ్ముకునే హక్కు కూడా లేకుండా పోయిందన్నది యజమానుల ఆవేదన.

భారత హోటల్, రెస్టారెంట్ సంఘాల సమాఖ్య ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ 2019 అక్టోబరులో దర్యాప్తునకు ఆదేశించింది. మూడేళ్ల తరువాత, 2022 అక్టోబరు 19న తీర్పు వెలువరించింది. మేక్‌మైట్రిప్-గోఐబిబోపై 223.48 కోట్లు, ఓయోపై 168.88 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ధరల సమానత్వ షరతులను, ఒకే సంస్థకు కట్టుబడి ఉండాలన్న నిబంధనలను తొలగించాలని మేక్‌మైట్రిప్-గోఐబిబోను ఆదేశించింది. ఆ రెండు పక్షాల మధ్య అవగాహన కారణంగా ట్రీబో, ఫ్యాబ్‌హోటల్స్ వంటి పోటీదారులు జాబితా నుంచి తొలగిపోయారని నిర్ధారించింది. జరిమానా పడిన సంస్థలు ఈ ఉత్తర్వును అప్పీలేట్ ట్రిబ్యునల్‌లో సవాలు చేశాయి.

ఈ వివాదం మన దేశానికే పరిమితం కాదు. ఫ్రాన్స్ 2015లో చట్టం ద్వారానే ఇటువంటి షరతులను చెల్లకుండా చేసింది. జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ అదే ఏడాది వాటిని నిషేధించగా, 2021లో అక్కడి ఫెడరల్ న్యాయస్థానం ఆ నిషేధాన్ని సమర్థించింది.

మన పొరుగున ఉన్న భూటాన్ పూర్తిగా భిన్నమైన మార్గం తొక్కింది. భారత్, బంగ్లాదేశ్, మాల్దీవుల పౌరులను మినహాయించి మిగిలిన విదేశీయులు సీజన్‌లో రోజుకు కనీసం 250 డాలర్లు చెల్లించాలని నిర్ణయించింది. బస, భోజనం, గైడు అన్నీ అందులోనే. ధర తగ్గించే పోటీకే తావు లేకుండా చేసిన ఈ విధానాన్ని 2022లో రద్దు చేసి, దాని స్థానంలో రోజుకు 200 డాలర్ల రుసుము విధించింది. కోవిడ్ తరువాత పర్యాటకులు ఆశించినంతగా రాకపోవడంతో 2023 సెప్టెంబరులో దానిని సగానికి తగ్గించవలసి వచ్చింది. అతి పోటీ యజమానిని దెబ్బతీస్తే, పోటీ లేని ధర అతిథినే దూరం చేస్తుందనడానికి ఇది నిదర్శనం.

పన్ను గీత దగ్గర

ధరతో పాటు పన్ను లెక్క కూడా తెలుసుకోవడం మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులపై జీఎస్టీ 5 శాతం. అంతకు మించితే 18 శాతం. ఎనిమిది వేల గదికి పన్నుతో కలిపి 9,440 రూపాయలు అవుతుంది. అదే గది 7,400కు దొరికితే మొత్తం 7,770. అంటే ధరలో 600 రూపాయలు తగ్గితే బిల్లులో 1,670 రూపాయలు మిగులుతున్నది. పన్నును బోర్డు మీది ధరపై కాక వాస్తవంగా వసూలు చేసిన మొత్తంపై లెక్కించే పద్ధతి 2018 జూలై నుంచి అమలులో ఉన్నది. అయితే 5 శాతం పన్ను వర్తించే హోటళ్లకు తాము కొన్న సామగ్రిపై కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు లేదు. ఆ భారం గది ధరలో కలిసే అవకాశాన్ని తోసిపుచ్చలేము.

ఏ ఊళ్లో, ఏ రోజు?

వారాంతపు బేరంలో అసలు కీలకం ఊరు, రోజు. హైదరాబాద్, బెంగళూరు, గురుగ్రామ్ వంటి నగరాలలో వ్యాపార పనుల మీద వచ్చేవారి కోసం కట్టిన హోటళ్లు సోమవారం నుంచి గురువారం వరకు కిటకిటలాడతాయి. శుక్రవారం సాయంత్రానికి ఖాళీ అవుతాయి. అక్కడ శనివారం రాత్రి బేరం కుదురుతుంది. అరకు, లోనావాలా, ఊటీ వంటి చోట్ల దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ బుధవారం వెళ్లినవారే అదృష్టవంతులు. పెళ్లి ముహూర్తాలు, వరుస సెలవులు ఈ లెక్కను తారుమారు చేస్తాయి. 2023 నవంబరు 19న ప్రపంచ కప్ క్రికెట్ ఫైనల్ సందర్భంగా అహ్మదాబాద్‌లో గది ధరలు ఎన్నో రెట్లు పెరగడం అందరికీ తెలిసినదే. ఎవరు ఎంత ధర చెప్పినా ఖాళీ లేనిచోట బేరం ఉండదు.

తెర మీద కనిపించేదంతా నిజం కాదని కూడా గుర్తుంచుకోవాలి. 'ఒక్క గదే మిగిలింది', 'పదిమంది చూస్తున్నారు' వంటి హెచ్చరికలు కొన్నిసార్లు తొందరపెట్టడానికి పన్నిన ఎత్తులే. ఇటువంటి 13 రకాల మాయోపాయాలను కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాలలో నిషేధించింది. లేని కొరతను సృష్టించడం, మొదట తక్కువ ధర చూపి చివరి క్షణంలో రుసుములు చేర్చడం, అడగని బీమాను బిల్లులో కలపడం అందులో ఉన్నాయి. మోసపోయామని భావించినవారు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఫిర్యాదు చేసేటప్పుడు తెర మీద కనిపించిన ధర చిత్రం, బిల్లు దగ్గరుంటే వాదన నిలుస్తుంది.

గది ఖాయం చేసుకునే ముందు కొన్ని జాగ్రత్తలు అవసరం. కొట్టివేసిన పాత ధరను నమ్మకుండా పన్నులు, రుసుములు కలిపిన చివరి మొత్తాన్ని మాత్రమే పోల్చాలి. ప్రయాణం అనుమానంగా ఉంటే సొమ్ము వాపసు రాని గది ఎంత చవక అయినా ఖరీదైనదే. వృద్ధులు, పిల్లలు వెంట ఉన్నప్పుడు హోటల్ పేరు, చోటు తెలియకుండా బేరానికి దిగడం వివేకం కాదు. చివరగా, హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి అడగడంలో చిన్నతనం లేదు. దళారీకి చెల్లించే కమీషన్‌లో కొంత వదులుకోవడానికి యజమాని సిద్ధపడవచ్చు. ధర తగ్గించలేకపోయినా ఉదయం ఫలహారమో, రెండు గంటలు ముందుగా గదిలోకి ప్రవేశమో ఇవ్వవచ్చు.

వినియోగదారుకు చవక గది కావాలి. ఇరవై గదుల లాడ్జి యజమానికి తన పెట్టుబడి నిలవాలి. గదులు ఊడ్చే ఆమెకు ఒకటో తేదీన జీతం అందాలి. ఈ మూడింటి మధ్య నిలిచిన దళారీ సేవకు ప్రతిఫలం ఉండవలసిందే. అది ఎంత ఉండాలన్నది రహస్య షరతులు కాక బహిరంగ పోటీ తేల్చాలి. ఆనాటి వేలంలో కనీసం ఒక నిజాయితీ ఉన్నది. కళ్లకు గంతలు కట్టుకుంటున్నామని కొనేవాడికి ముందే తెలుసు. నేటి తెర మీద అన్నీ కనిపిస్తున్నట్లే ఉంటాయి. కొట్టివేసిన అంకె వెనుక ఏమున్నదన్నది మాత్రం కనిపించదు.