పోసిన చేతికి ఎంత?

ఇల్లెందు నుండి కొత్తగూడెం పోయే బాటలో టేకులపల్లి ఉన్నది. ఊరి పేరులోనే టేకు ఉన్నది. కోయగూడేలు, లంబాడీ తండాలు ఆ చుట్టుప్రక్కల అడవి అంచులను ఆశ్రయించి ఉన్నవి. తూర్పుగా పోతే భద్రాచలం, గోదావరీ తీరం. ఖమ్మం మెట్టసీమకూ భద్రాచలం మన్యానికీ నడుమనున్న ఈ నేలలో తాడి, ఈత, జీలుగు, ఇప్ప అనే నాలుగు చెట్లు మనిషికి నీడతోపాటు పానీయాన్ని కూడ ఇస్తూ వచ్చినవి. చెట్టు ఇచ్చినదానిని దించేవాడొకడు, పోసేవాడొకడు, త్రాగేవాడొకడు. ఈ ముగ్గురి నడుమ ఇచ్చిపుచ్చుకోవడం ఏ తీరున సాగవలెననేది చాల పాత ప్రశ్న.

ఆ పాత ప్రశ్న ఇప్పుడు నగరాలలో కొత్త వేషంతో వినిపిస్తున్నది. బారులో పానీయం కలిపి పోసి ఇచ్చే పనివానికి బిల్లు మీద అదనంగా ఏమైనా ఇవ్వవలెనా? ఇస్తే ఎంత? దీనినే టిప్పు అంటున్నారు. త్రాగుడు మంచిదా, చెడ్డదా అన్నది వేరే విచారణ. దానిపై తీర్పు ఎటువంటిదైనా ఈ ప్రశ్న మిగిలే ఉంటుంది. ఏలననగా త్రాగనివారు కూడ హోటలులో భోజనం చేస్తారు, క్షౌరశాలకు పోతారు, రైలు దిగి కూలివానిచేత పెట్టె మోయిస్తారు. ధరకు మించి ఒకరి చేతిలో పెట్టే నాణెం కృతజ్ఞతా, దయా, లంచమా, లేక మరొకరు ఎగవేసిన జీతమా? బడిలో పౌరనీతి బోధించేవారూ, నేర్చేవారూ ఒకసారి నిలిచి ఆలోచింపదగిన విషయమిది.

మండువలో కొసరు

ముందుగా తాటివనం సంగతి చూడవలెను. గీతకార్మికుడు నడుముకు మోకు బిగించి, ముస్తాదులో కత్తులు పెట్టుకొని, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కుతాడు. గెలను పలుచగా చెక్కి లొట్టి కడతాడు. నిండిన లొట్టిని దించి, వడకట్టి, చెట్టు క్రింది మండువలో తానే పోస్తాడు. అతడు అక్కడ పనివాడూ అవుతాడు, యజమానీ అవుతాడు. త్రాగేవాడు ధర ఇస్తాడు. దొప్ప వంచి ఖాళీ చేసిన తరువాత గీతకార్మికుడు లొట్టి మరి కొంచెం వంచుతాడు. అదే కొసరు.

ఈ మాట తెలుగు సంతకు ప్రాణం వంటిది. కూరలమ్మే అవ్వ నాలుగు మిరపకాయలు అదనంగా వేస్తుంది; పాలవాడు కొలత నిండిన తరువాత ఒక చుక్క పోస్తాడు. అసలు కన్న కొసరు ముద్దు అన్నారు పెద్దలు. గమనింపదగినదేమనగా, ఇక్కడ అదనం అమ్మేవాని నుండి కొనేవానికి ప్రవహిస్తున్నది. టిప్పులో అది ఎదురు దిశను పట్టుతుంది. తన లొట్టిలోని కల్లు తనదే కనుక గీతకార్మికుడు కొసరు పోయగలడు. బారులో పోసేవాని చేతిలోని సీసా అతనిది కాదు. అతనిదైనది శ్రమ ఒక్కటే. ఈ రెండు ఆచారాల నడుమనున్న తేడా అంతా ఈ యాజమాన్యంలోనే ఉన్నది.

గూడెంలోనికి పోతే ధర, కొసరు అనే రెండు మాటలకూ చోటు తగ్గిపోతుంది. నిజాం రాజ్యంలో గిరిజనుల జీవితాన్ని పరిశీలించిన హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రకటించిన గ్రంథం గోదావరి కొండలలోని కొండరెడ్లను గురించినది. వారి జీవనంలో జీలుగుచెట్టుకు ఎంతటి స్థానమున్నదో ఆయన అందులో వివరించినాడు. తిండిగింజలు కరవైన మాసాలలో ఆ కల్లు వారికి ఇంచుమించు ఆహారమే. మన్యపు గూడేలలో పండుగనాడు మొదటి ధార దేవతలకు, పితరులకు నేలమీద పోసి, తరువాత కూర్చున్నవారు పంచుకొంటారు. పోసేవాడు ఈనాడు ఒకడు, రేపు మరొకడు. ఎవరికీ ఎవరూ చేయి చాపవలసిన పని లేదు.

కానుక మామూలైన విధం

అదనంగా ఇచ్చేదానికి తెలుగులో మాటలకు కొరత లేదు. ఇనాము, బక్షీసు, మామూలు, నజరానా అనేవి అరబీ పారసీకాల నుండి వచ్చి మన ఊళ్ళలో స్థిరపడినవి. వీనిలో నజరానా క్రిందివాడు పైవానికి ఇచ్చేది. ఇనాము పైవాడు క్రిందివానికి ఇచ్చేది. సమానుల నడుమ ఈ మాటలు వాడరు. టిప్పు పుచ్చుకొనేటప్పుడు ఆత్మాభిమానం గలవాని ముఖంలో ఒక్కక్షణం కదలాడే నీడకు కారణం ఇదే: ఆ నాణెం ఎంత చిన్నదైనా పైనుండి క్రిందికి పడుతున్నది.

మామూలు అనే మాట మరింత విచిత్రమైనది. దానికి మూలార్థం వాడుకలో ఉన్నది అని మాత్రమే. మొదట ఒకడు సంతోషించి ఇస్తాడు. రెండవసారి అవతలివాడు ఎదురుచూస్తాడు. మూడవసారి ఇవ్వకపోతే కోపం వస్తుంది. నాలుగవసారికి అది హక్కు. తెలంగాణ పల్లెలలో వెట్టిచాకిరి నడచిన కాలంలో గీతవృత్తివారు దొరల గడీలకు వెల లేకుండా కల్లు పోయవలసి ఉండేది. దొర ఇంటికని కొన్ని చెట్లు విడిచిపెట్టవలసి ఉండేది. 1946లో రగిలిన తెలంగాణ రైతాంగ పోరాటం ఆ వెట్టిని ప్రశ్నించినది.

గోదావరికి ఆవలి కొండలలో ఇటువంటి కథయే అంతకు ముందు రక్తపాతానికి దారితీసినది. అప్పుడు టేకులపల్లి నిజాం రాజ్యంలోనిది, భద్రాచలం తాలూకా మద్రాసు రాజధానిలోనిది. రంప ప్రాంతపు మన్సబుదారు కొండవారు గీసుకొనే కల్లుపై చిగురుపన్ను వసూలు చేసేవాడు. ఆపైన మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, సొంతానికి గీసుకొనే కల్లును కూడ కంట్రాక్టుదారుల పాలు చేసినది. పోలీసులకు మామూళ్ళు వేరే. 1879 మార్చిలో రంపలో తిరుగుబాటు లేచి భద్రాచలం తాలూకా వరకు వ్యాపించినది. తమ్మన్నదొర వంటి నాయకులు నేలకొరిగిన తరువాత గాని అది చల్లారలేదు. తన చెట్టు కల్లును తాను త్రాగడానికి మరొకనికి చెల్లించవలసి రావడాన్ని కొండవారు సహింపలేదు. ఇష్టపూర్వకమైన కానుకకూ, ఇచ్చితీరవలసిన మామూలుకూ నడుమ గీత ఎంత సన్ననిదో, దానిని దాటితే ఏమగునో ఈ చరిత్ర చెప్పుచున్నది.

మన పాత గ్రామవ్యవస్థలోనే మరొక మాట కూడ ఉన్నది: మేర. పంట నూర్చిన కళ్ళంలో వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి ఇంత ధాన్యమని కొలిచి ఇచ్చేవారు. ఆ వ్యవస్థలో కులపు కట్టుబాట్లు, అన్యాయాలు లేకపోలేదు. కాని మేరలో ఒక గుణమున్నది. అది ఎంతో ముందే తెలుసు. పుచ్చుకొనేవాడు చిరునవ్వు నటించి దానిని సంపాదించుకోవలసిన అవసరం లేదు. టిప్పును తూచడానికి ఇంతకంటె మంచి తూనికరాయి దొరకదు.

జీతం ఎవరు ఇవ్వవలెను?

1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ తెలిసినది. 1889లో త్రవ్వకం మొదలైనది. సింగరేణి గనులతో ఈ సీమకు నెలజీతం అనే కొత్త జీవితం వచ్చినది. నెలజీతాలున్నచోట దుకాణాలు, హోటళ్ళు వెలుస్తాయి. యజమాని ఒకడు, బల్లవద్ద నిలిచి అందించేవాడు మరొకడు అయ్యే వ్యవహారం బలపడుతుంది. కొసరు పోసే అధికారం లేనివాడు, జీతం మీదనే బ్రతికేవాడు అక్కడ కనిపిస్తాడు. టిప్పు ప్రశ్న పుట్టేది ఇతని దగ్గరనే.

ప్రపంచమంతటా ఈ ప్రశ్నకూ పానీయానికీ చుట్టరికమున్నది. టిప్పును ఫ్రెంచివారు పూర్‌బ్వార్ అంటారు. త్రాగడానికి అని అర్థం. జర్మనులు ట్రింక్‌గెల్ట్ అంటారు. త్రాగుడు డబ్బు అని అర్థం. రష్యావారు టీకని ఇస్తారు. మన హైదరాబాదువారు చాయపానీకని ఇస్తారు. పద్దెనిమిదవ శతాబ్ది ఇంగ్లండులో పెద్దల ఇంట విందారగించిన అతిథి వెళ్ళేటప్పుడు వాకిట బారులుతీరిన నౌకర్లందరికీ డబ్బివ్వవలసి వచ్చేది. ఆ బాధ భరింపలేక 1760 ప్రాంతంలో స్కాట్లండు పెద్దమనుషులు ఆచారాన్ని మాన్పి, నౌకర్లకు జీతం పెంచాలని తీర్మానించుకొన్నారు. రోగానికి మందు ఎక్కడున్నదో వారు సరిగానే గుర్తించినారు.

అమెరికాలో మరొక విధంగా జరిగినది. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును నిషేధించి, 1913లో ఆ చట్టాన్ని రద్దుచేసుకొన్నది. 1966లో ఆ దేశపు కనీసవేతన చట్టాన్ని సవరించి, పనివానికి అందే టిప్పులలో కొంతభాగాన్ని యజమాని జీతంలో జమకట్టుకొనడానికి అవకాశమిచ్చినారు. అటువంటి పనివానికి యజమాని నేరుగా ఇవ్వవలసిన కేంద్ర కనీసవేతనం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుండి ఆ అంకె మారలేదు. టిప్పులు కలిపినా సాధారణ కనీసవేతనానికి తగ్గితే మిగిలినది యజమాని పూరింపవలెనన్న నియమమున్నది. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు ఈ తగ్గింపును అంగీకరింపక పూర్తి వేతనం విధించినవి. చదువుకై, ఉద్యోగానికై అక్కడకు వెళ్ళిన తెలుగు యువకుడు మొదట తడబడేది ఇక్కడనే. బారులో ఒక్కొక్క పానీయానికి ఒక డాలరో, బిల్లుమీద నూటికి 15 నుండి 20 వరకో ఇవ్వడం అక్కడి వాడుక. అది మన బక్షీసు వంటిదనుకొని ఎగవేస్తే, ఎగవేసినది ఒక శ్రామికుని కూలిలో భాగం. జపానులో మాత్రం టిప్పు ఇవ్వబోతే వినయంగా త్రిప్పి ఇచ్చివేస్తారు. మంచి సేవ ధరలోనే చేరియున్నదని వారి భావం.

మన దేశంలో న్యాయస్థానాలు ఈ విషయాన్ని స్పష్టపరచినవి. హోటలు పనివారికి అతిథులిచ్చే టిప్పు జీతం కాదనీ, అది యజమాని ఇచ్చేది కాదనీ 2016లో సుప్రీంకోర్టు ఒక ఆదాయపు పన్ను వ్యాజ్యంలో తీర్పు చెప్పినది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, హోటళ్ళు తమంతట తాము బిల్లులో సర్వీసు చార్జి చేర్చరాదని మార్గదర్శకాలు వెలువరించినది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వానిని సమర్థించినది. ఈ రెండింటినీ కలిపి చదివితే సూత్రం సులభంగా తెలుస్తుంది: జీతం యజమాని బాధ్యత, టిప్పు అతిథి ఇష్టం, ఒకదానిని రెండవదానిలో దాచరాదు.

ఎంత, ఎట్లు?

ఇక లెక్క తేల్చవచ్చును. మండువలో తానే గీసి తానే పోసేవానికి ఇవ్వవలసినది నిండు ధర, బేరమాడకుండా, బాకీ పెట్టకుండా. అతని కష్టం టిప్పుతో తీరేది కాదు. చెట్టు మీదినుండి జారిపడి ప్రాణాలో, అవయవాలో పోగొట్టుకొన్నవారు ఆ వృత్తిలో ఎందరో ఉన్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేర గీతకార్మికులకు రక్షణ పరికరాలు పంచడం ప్రారంభించినది. అటువంటి రక్షణ, బీమా, న్యాయమైన ధర అతనికి కావలసినవి. పది రూపాయలు ఎక్కువ ఇచ్చి ఆ బాధ్యత తీరినదనుకొనడం ఆత్మవంచన.

జీతానికి పోసేవానికైతే, సేవ బాగున్నప్పుడు మన నగరాలలోని వాడుకను బట్టి బిల్లులో నూటికి 5 నుండి 10 వరకు ఇవ్వడం సముచితం. బిల్లులో సర్వీసు చార్జి కనబడితే దానిని తీసివేయమని కోరే హక్కు అతిథికున్నది. ఆ మొత్తాన్ని పనివాని చేతికే ఇవ్వడం మేలు. పాత్రలు కడిగేవాడు, నేల తుడిచేవాడు అతిథి కంటికి కనబడరు కనుక వారికి కూడ వాటా ఉండేటట్లు పంచుకొనే పద్ధతి ఉన్నచోట దానిని గౌరవింపవలెను. బ్రిటనులో టిప్పులన్నీ యజమానులు మినహాయింపు లేకుండా పనివారికే న్యాయంగా పంచవలెనని 2023లో చట్టం చేసి, 2024 అక్టోబరు నుండి అమలుపరచినారు.

ఒక ముఖ్యమైన నిషేధం కూడ ఉన్నది. కొలతకు మించి పోయించుకొనడానికి ముందుగా నాణెం చూపడం టిప్పు కాదు. పోసేవాడు అప్పుడు ఇచ్చే కొసరు తన లొట్టిలోనిది కాక యజమాని సీసాలోనిది. ఇద్దరు కలిసి మూడవవాని సొమ్ము పంచుకొనడానికి లంచమని పేరు. అదే విధంగా, ఇవ్వనంతమాత్రాన అతిథిని అవమానించే హక్కు పనివానికి లేదు. ఇచ్చినంతమాత్రాన పనివానిని ఏకవచనంతో పిలిచే హక్కు అతిథికి లేదు.

పుచ్చుకొనే చేయి క్రిందుగా, ఇచ్చే చేయి పైగా ఉండడం లోకసహజం. ఆ ఎత్తుపల్లాలను కొంతైనా సరిచేయగలిగినది న్యాయమైన జీతం ఒక్కటే. కడుపునిండా జీతం అందుకొన్నవాడు టిప్పును అభినందనగా స్వీకరింపగలడు. రాకపోతే నవ్వి ఊరకుండగలడు. జీతం చాలనివానికి అదే నాణెం భిక్షమై తోస్తుంది. కనుక ఎంత ఇవ్వవలెనని అడిగే ముందు, అతనికి రావలసినది వచ్చినదా అని అడగడం నేర్చుకొనవలెను. పూర్వం కళ్ళంలో మేర కొలిచిన తరువాతనే పైన మరొక చేర గింజలు పోసేవారు. కొలవకుండా పోసిన చేర ఎవరికీ కడుపు నింపదు.