కంటెయినర్ ఇమేజిని మరల నిర్మించుట ఎందుకు?

జవహర్‌నగర్ విద్యార్థులు నాచారం పారిశ్రామికవాడ వైపు పోయే లారీలపై ఇనుప కంటెయినర్లను చూసే ఉంటారు. లోపలి సరుకు ఏదైనా పెట్టె కొలత ఒక్కటే కనుక ఓడకైనా, రైలుకైనా, లారీకైనా అది ఇముడుతుంది. 2013లో వెలువడిన డాకర్ అనే సాధనం ఈ భావననే కంప్యూటర్ రంగంలో ప్రచారంలోకి తెచ్చింది. ఒక ప్రోగ్రామును, అది నడవడానికి కావలసిన లైబ్రరీలను, ఇతర ఫైళ్ళను ఒకే కట్టగా కట్టి ఉంచితే అది ‘ఇమేజి’. దానిని నడిపినప్పుడు కంటెయినర్ అవుతుంది.

వెనుకటి ఉర్దూ పత్రికల రాతి అచ్చు తెలిసిన పెద్దలకు ఇమేజి స్వభావం సులభంగా బోధపడగలదు. కాతిబు చేతివ్రాతను రాతిమీదికి ఎక్కించి అచ్చువేసేవారు. ఆయన ఒక నుక్తా మరచిపోతే కాపీలన్నింటిలోను అది లోపించేది. తప్పు తెలిసినంత మాత్రాన రాయి తనంతట తాను దిద్దుకోదు గదా! ఇమేజియూ అంతే. జనవరిలో నిర్మించిన ఇమేజిలోని లైబ్రరీకి మార్చిలో సవరణ వెలువడినా, ఇమేజిలో ఉండేది జనవరి నాటి లోపమే.

“మా ప్రోగ్రాములో ఒక్క అక్షరమూ మార్చలేదు, మరల నిర్మించడమెందుకు?” అని పలువురు అడుగుతారు. మనం వ్రాసినది కొన్ని వందల పంక్తులే కావచ్చు. తక్కినదంతా ఇతరులు వ్రాసినది. విద్యార్థుల మార్కులు, ఫోను నంబర్లు భద్రపరచే ప్రోగ్రాములో చొరబాటు ఆ తక్కిన భాగం నుండి కూడా జరుగవచ్చు.

ప్రోగ్రాము మారినప్పుడల్లా ఇమేజిని నిర్మించి, పరీక్షించి, భద్రపరచే స్వయంచాలక వరుసను సీఐ పైప్‌లైన్ అంటారు. మార్పు లేనినాడు అది నిద్రపోతుంది. కనుక వారానికొకసారియైనా గడియారం ప్రకారం దానిని మేల్కొలపాలి.

ఇక్కడే ఒక మోసం ఉన్నది. ఇమేజి పొరలు పొరలుగా నిర్మితమౌతుంది. కాలం ఆదా చేయడానికి డాకర్ పాత పొరలను దాచి ఉంచుతుంది. ‘ప్యాకేజీలను తాజాపరచుము’ అన్న ఆదేశం పంక్తి మారకపోతే, దాని ముందరి పొరలూ మారకపోతే, ఆ పని నిజంగా చేయక పాత ఫలితాన్నే తెచ్చి అతికిస్తుంది. పైప్‌లైన్ పచ్చగా వెలుగుతుంది, లోపం లోపలే ఉంటుంది! అందుచేత వారపు నిర్మాణంలో దాచిన పొరలను వాడవద్దనీ, మూల ఇమేజిని కొత్తగా తెచ్చుకోమనీ స్పష్టంగా ఆదేశించాలి.

అయితే కొత్తదంతా మంచిదనుకోవడమూ పొరపాటే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనం 5.6.0, 5.6.1 కూర్పులలో ఎవరో రహస్యద్వారం అమర్చినట్లు బయటపడింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పట్టడం గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దానిని పట్టుకొన్నాడు. డెబియన్ స్థిరమైన కూర్పును వాడినవారికి ఆ బెడద తగలలేదు. సరికొత్త పరీక్షా కూర్పులను తెచ్చుకొన్నవారు చిక్కుకొన్నారు. కనుక మూలం స్థిరమైనదిగా ఉండాలి, సవరణలు మాత్రం తాజావి కావాలి, పరీక్షలో నెగ్గని ఇమేజి బయటికి పోరాదు.

తరచుగా మరచే మెట్టు చివరిది. కొత్త ఇమేజి గిడ్డంగికి చేరినా, నడుస్తున్న కంటెయినర్ పాత ఇమేజిదే. దానిని ఆపి కొత్తదానితో ఆరంభించాలి. పేరును నమ్మక, ఇమేజి గుర్తింపుగా ఉండే 64 అక్షరాల డైజెస్ట్‌ను సరిచూచుకోవాలి.