ఓవెన్‌లో చేప... బాక్సులోకి మాత్రం వద్దు

చేప అంటే మనకు పులుసు, లేకపోతే వేపుడు. సోయాసాస్, అల్లం పట్టించి ఓవెన్‌లో కాలిస్తే నూనె ఒక్క చెంచా చాలు. పిల్లలకు ముళ్లు తక్కువుండే వంజరం నయం. అయినా ముక్క విడదీసి చూశాకే పెట్టండి.

అరకిలో ముక్కలకు రెండు చెంచాల సోయాసాస్, చెంచాడు అల్లంవెల్లుల్లి ముద్ద, కాస్త నువ్వుల నూనె, మిరియాల పొడి, చిన్న బెల్లం ముక్క. ఉప్పు సాస్‌లోనే ఉంటుంది. అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి, గట్టు మీద కాదు. నిమ్మరసం కాల్చాకే పిండాలి. ముందే కలిపి గంటలు ఉంచితే ముక్క పిండిపిండిగా అవుతుంది. అంగుళం మందం ముక్క 200 డిగ్రీల్లో 12 నుంచి 15 నిమిషాలు. లోపల తెల్లబడి పొరలుగా విడిపోతే ఉడికినట్టే. ఓవెన్ లేనివారు మూతపెట్టి పెనం మీద సన్నసెగన కాల్చుకోవచ్చు. సోయా, గోధుమ పడని పిల్లలకు ఈ సాస్ వద్దు.

గజపతినగరం సముద్రపు ఒడ్డు ఊరు కాదు. అందుకే కొనేటప్పుడు ఐసు చూడండి. చల్లదనం తప్పితే వంజరంలో హిస్టమిన్ పెరుగుతుంది. ఎంత కాల్చినా అది పోదు. ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, వాంతులు దాని లక్షణాలు. ఉదయం సర్దిన బాక్సు మధ్యాహ్నం దాకా ఎండవేడిలోనే ఉంటుంది కదా! రాత్రి మిగిలినవి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు పిల్లలు ఇంటికొచ్చాక బాగా వేడిచేసి పెట్టండి.